సముద్రం పక్కనే ఉన్నా నీరెందుకు లాగదు?

అమలాపురంలో బస్సెక్కితే గంటలోపే ఓడలరేవు దగ్గర సముద్రం కనిపిస్తుంది. దూరం ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. అయినా సార్వా (ఖరీఫ్) చేను ఈనే వేళ ఒక్క అల్పపీడనం పట్టి రెండు రోజులు కురిసిందంటే అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లోని పల్లపు చేలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోతాయి. పట్టణంలో పల్లపు వీధులదీ అదే పరిస్థితి. వాన వెలుస్తుంది, ఎండ కాస్తుంది, నీరు మాత్రం కదలదు. ఎవరినడిగినా "ఇంకా లాగలేదండీ" అనే మాటే. అంత పెద్ద సముద్రం పక్కనుండగా ఈ నీరెందుకు పోదు?

దీని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. కదలకుండా నిలిచిన మురుగు కాలువలో కర్ర దించి అడుగు బురదను కదిపితే గుప్పున బుడగలు పైకొస్తాయి. పల్లెల్లో పెరిగిన పిల్లలందరూ చూసినవే. ఆ బుడగల్లో ఏముంది?

మొదటి ప్రశ్న ముంపుకు సంబంధించింది. రెండోది భూమి వేడెక్కడానికి సంబంధించింది. కోనసీమలో ఈ రెంటికీ మూలం ఒకటే: నిలిచిపోయిన నీరు. అందుకే అమలాపురం, రాజోలు, కొత్తపేట లాంటి ఊళ్ళకు వాతావరణ ప్రణాళిక రాయాల్సి వస్తే అందులో మొదటి పద్దు మురుగు కాలువదే కావాలని నా నమ్మకం.

గట్టు మెరక, చేను పల్లం

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య, సముద్రం దాకా ఉన్న నేలే కోనసీమ. దీన్ని నదే కట్టింది. వరద గట్టు దాటినప్పుడు నీటి వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. బరువైన ఇసుక గట్టు పక్కనే దిగిపోతుంది, తేలికైన ఒండ్రు దూరం దాకా కొట్టుకుపోయి పలుచగా పరుచుకుంటుంది. వేల ఏళ్ళు ఇలా జరిగితే నది ఒడ్డు మెరకవుతుంది, రెండు పాయల మధ్య నడిమి నేల పల్లంగా మిగులుతుంది. కాబట్టి కోనసీమలో వాన నీరు చాలావరకు నదివైపు రాదు, నదికి దూరంగా పల్లంలోకి పోతుంది.

ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట ఈ స్వభావాన్నే వాడుకుంది. సాగునీటి కాలువలు మెరక మీద నడుస్తాయి, అక్కడినుంచి నీరు తనంతట తానే చేలల్లోకి దిగుతుంది. చేలు వదిలిన నీటిని పల్లంలో నడిచే మురుగు కాలువలు, అంటే మనం డ్రెయిన్లనేవి, సముద్రానికి చేర్చాలి. డెల్టా బతకాలంటే తెచ్చే కాలువ ఎంత ముఖ్యమో తీసుకుపోయే కాలువా అంతే ముఖ్యం. కానీ తెచ్చే కాలువకు నీళ్ళు రాకపోతే ఆ రోజే గొడవవుతుంది. తీసుకుపోయే కాలువ పూడిపోతే పెద్ద వాన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు వాలు సంగతి చూద్దాం. అమలాపురం సముద్ర మట్టానికి దాదాపు 3 మీటర్ల ఎత్తులో ఉంది. ఇరవై కిలోమీటర్ల దూరానికి 3 మీటర్లంటే కిలోమీటరుకు 15 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. పైగా డ్రెయిన్ నేరుగా పోదు. ఒకప్పటి సముద్రపు ఒడ్డులు ఇసుక దిబ్బలుగా తీరానికి సమాంతరంగా మిగిలిపోయాయి. డ్రెయిన్ వాటిని చుట్టుకుని పోవాలి, దారి పొడవయ్యేకొద్దీ ఉన్న వాలు ఇంకా పలచబడుతుంది.

ఇంత తక్కువ వాలులో చిన్న అడ్డంకికీ పెద్ద ఫలితం ఉంటుంది. డ్రెయిన్ అడుగున ఒక అడుగు మందాన పూడిక చేరితే రెండు కిలోమీటర్ల వాలు అక్కడే పోయినట్టు. గుర్రపు డెక్క అల్లుకుంటే, గట్టు జరిపి ఎవరో చేను కలుపుకుంటే, చేపల కోసం అడ్డంగా వలకట్లు వేస్తే, కొత్త రోడ్డుకు చాలినన్ని తూములు పెట్టకపోతే, ఒక్కొక్కటీ కాస్త కాస్త నీటిని వెనక్కి నెడుతుంది. కొండ వాగు ఇలాంటి అడ్డంకుల్ని తోసుకుపోగలదు. డెల్టా డ్రెయిన్‌కు ఆ బలం లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. 1960ల్లో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. డ్రెయిన్ల బాగు కోసం రైతుల నుంచి పన్ను వసూలు చేసేందుకు 1968లో ఒక చట్టమే వచ్చింది. అయినా 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లు మానేసి పంట విరామం ప్రకటించాల్సి వచ్చింది. దేశమంతా ఆశ్చర్యపోయింది. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. గిట్టని ధరలు, దొరకని కూలీలతో పాటు లాగని నీరూ అప్పుడు రైతులు చెప్పిన కారణాల్లో ఒకటి. 2022లో మళ్ళీ కొన్ని మండలాల్లో పంట విరామం మాట వినిపించింది. మొక్క నాటిన ప్రతిసారీ ముంపులో పోతుంటే నాటకపోవడమే నయమని రైతు లెక్క వేసుకున్నాడంటే, అది ఎంత కడుపుకోతతో తీసుకున్న నిర్ణయమో అర్థం చేసుకోవాలి.

పోటు వేళ మూసుకుపోయే దారి

వాలు ఒక్కటే అయితే నీరు నెమ్మదిగానైనా పోయేది. బంగాళాఖాతం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ తీరంలో ఆటుపోట్ల మధ్య తేడా మీటరు దాటుతుంది. డ్రెయిన్లో నీరు సముద్రంలోకి పడాలంటే దాని మట్టం సముద్రం కన్నా పైన ఉండాలి. తీరం దగ్గరి చేను ఎత్తే మీటరు, మీటరున్నర. పోటు వేళ ఆ కాస్త తేడా చెరిగిపోతుంది. అంటే డ్రెయిన్ రోజంతా పనిచేయదు, సముద్రం తీసిన కొన్ని గంటలే పనిచేస్తుంది. తుపాను రోజుల్లో ఆ గంటలూ ఉండవు, గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెట్టి పట్టుకుంటుంది. సరిగ్గా ఎక్కువ వాన పడే రోజునే దారి మూసుకుపోతుంది.

నదిలోకి పడే డ్రెయిన్లది మరో చిక్కు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షలకే ఇస్తారని గుర్తుంచుకుంటే ఆ వరద ఎంతటిదో తెలుస్తుంది. అలాంటప్పుడు నది మట్టం గట్టు లోపలి నేల కన్నా ఎత్తుగా ఉంటుంది. ఏటిగట్టులోని స్లూయిజ్ తలుపులు దించకపోతే గోదావరే ఊళ్ళోకి వస్తుంది, దించితే లోపలి వాన నీరు లోపలే ఉండిపోతుంది.

అలాగని డ్రెయిన్‌ను లోతుగా తవ్వి సముద్రానికి బార్లా తెరిచేస్తే సరిపోదు. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తం డ్రెయిన్ ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. పోటు వేళ ఉప్పునీరు ఆ డ్రెయిన్ వెంట లోపలికొచ్చి, పక్క కొబ్బరి తోటల్లో చేరి, తీయకుండా నిలిచిపోయింది. కొబ్బరి కాస్త ఉప్పును ఓర్చుకుంటుంది. కానీ దాని వేళ్ళకూ గాలి కావాలి. నెలల తరబడి ఉప్పునీట్లో నానిన వేళ్ళు కుళ్ళుతాయి, ఆకులు వాలిపోతాయి, మొవ్వు ఎండుతుంది, ఆఖరికి చెట్టు మోడవుతుంది. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి చూసింది ఇలా పోయిన తోటలనే. ఒక కొబ్బరి చెట్టు కాపుకు రావడానికి పట్టే ఏళ్ళు తెలిసినవాళ్ళకు ఆ మోళ్ళ వరుస చూడటం కష్టం.

వాతావరణ మార్పు ఈ పాత చిక్కును బిగిస్తోంది. 1993 నుంచి ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, కాబట్టి పడితే ఒక్కసారే కుండపోతగా పడుతుంది. మరోవైపు నేల కూడా దిగుతోంది. ఒండ్రు నేల సహజంగానే తన బరువుకు తాను అణిగిపోతుంటుంది. ఏటేటా వరద కొత్త ఒండ్రు పోస్తే ఆ లోటు పూడుతుంది. కానీ ఎగువ జలాశయాలు ఆ ఒండ్రును ఆపేస్తున్నాయి. 1970ల్లో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. 2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ప్రపంచంలోని 33 డెల్టాల మీద వచ్చిన అధ్యయనం, దిగబడే ముప్పున్న వాటిలో గోదావరినీ కృష్ణనూ చేర్చింది. కిలోమీటరుకు జానెడు కూడా లేని వాలులో మిల్లీమీటర్లూ లెక్కలోకొస్తాయి.

బురదలో బుడగ

ఇప్పుడు రెండో ప్రశ్న. 1776లో అలెస్సాండ్రో వోల్టా ఇటలీలోని మజోరే సరస్సు ఒడ్డున ఇలాగే బురదను కదిపి, పైకొచ్చిన బుడగల్ని సీసాలో పట్టి నిప్పంటించి చూశాడు. మండింది. అది మీథేన్.

నేలలో, నీటిలో పడిన ఆకూ అలమూ సూక్ష్మజీవులకు ఆహారం. గాలి ఆడితే అవి ఆక్సిజన్ వాడుకుంటూ తింటాయి, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. నీరు నిలిస్తే గాలి అందదు. బురదలో ఉన్న కాస్త ఆక్సిజన్ కొద్ది రోజుల్లో అయిపోతుంది. తర్వాత ఆక్సిజన్ అక్కర్లేని జీవుల వంతు వస్తుంది. భూమ్మీద ఆక్సిజన్ లేని కాలం నుంచీ ఉన్న అతి ప్రాచీన జీవులివి. వీటి వల్ల వచ్చేదే మీథేన్. వందేళ్ళ లెక్కన చూస్తే ఇది బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడిని పట్టుకుంటుంది, ఇరవై ఏళ్ళ లెక్కన 80 రెట్లు. ఊరట ఏమిటంటే ఇది గాలిలో ఎక్కువ కాలం ఉండదు, పన్నెండేళ్ళలో చాలావరకు విరిగిపోతుంది. కాబట్టి ఇవాళ మీథేన్ తగ్గిస్తే మన పిల్లలు పెద్దయ్యేలోపే ఫలితం కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఆ అవకాశం లేదు.

> ఒకే వాయువు, రెండు పుట్టుకలు
>
> కోనసీమకు మీథేన్ కొత్త కాదు. ఇక్కడి భూగర్భం నుంచి తీసే సహజ వాయువులో అధిక భాగం అదే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి, మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలి చనిపోయారు. ఆ వాయువు కోట్ల ఏళ్ళ కిందట పూడుకుపోయిన జీవపదార్థం భూమి లోతుల్లోని వేడికీ ఒత్తిడికీ మారగా పుట్టింది. డ్రెయిన్లో బుడగ నిన్నమొన్న కుళ్ళిన గడ్డి నుంచి పుట్టింది. పుట్టుక వేరైనా అణువు ఒకటే. గాలిలో కలిశాక వేడిని పట్టే తీరూ ఒకటే.

వరి దుబ్బు చేసే పని

నిలవ నీరు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది వరిచేలో. మనుషుల వల్ల గాలిలో చేరే మీథేన్‌లో సుమారు పదో వంతు ప్రపంచంలోని వరి మళ్ళదేనని అంచనా. అందులో బుడగలుగా పైకొచ్చేది కొంచెమే, అధిక భాగం మొక్క గుండానే వస్తుంది. వరి వేళ్ళు నీటిలో ఊపిరాడక చనిపోకుండా ఉండటానికి దాని కాండంలో గాలి గొట్టాలుంటాయి. పైనుంచి ఆక్సిజన్ దిగే ఆ దారినే బురదలోని మీథేన్ పైకి వచ్చేస్తుంది. కొబ్బరి బొండంలో దించిన స్ట్రాలా ప్రతి పిలకా అడుగు నుంచి గాలిలోకి ఒక దారి తెరుస్తుంది.

మరి వరి మానేయాలా? అక్కర్లేదు. వరి నీటిని ఓర్చుకునే మొక్కే తప్ప ఎప్పుడూ నీట్లోనే ఉండాల్సిన మొక్క కాదు. నీరు తీసి, నేల కాస్త ఆరనిస్తే బురదలోకి గాలి దిగుతుంది, మీథేన్ చేసే జీవుల పని ఆగిపోతుంది. మళ్ళీ నీరు పెట్టాక అవి కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఈ ఆరుతడి పద్ధతిని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. నాటిన రెండు వారాల తర్వాత, బెజ్జాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని చేలో పాతుతారు. అందులో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా తడి పెట్టనక్కర్లేదు. పొట్ట దశ నుంచి పూత దాకా మాత్రం నీరు తగ్గనివ్వకూడదు. మీథేన్ సగానికి అటూ ఇటూ తగ్గుతుంది, నీరూ కలిసొస్తుంది, దిగుబడి పోదు. యూరియా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నేల ఆరుతూ తడుస్తూ ఉన్నప్పుడు ఎక్కువగా చల్లిన యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 270 రెట్లు వేడి పట్టేది.

ఇక్కడే డెల్టా పరిస్థితి అడ్డొస్తుంది. నీరు తీయాలన్నా పోవడానికి దారుండాలి కదా! సార్వాలో పల్లపు చేను ఆరబెట్టడం రైతు చేతిలో లేదు. అలాంటి చేలకు మారుటేరు వరి పరిశోధన స్థానం సాయం కావాలి. అక్కడ రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ వరి రకానికి, ఒడిశా సంప్రదాయ రకం నుంచి తీసిన ముంపు తట్టుకునే జన్యువును చేర్చి తయారుచేసిన స్వర్ణ సబ్-1ను 2009లో విడుదల చేశారు. నీట మునిగినా రెండు వారాల దాకా అది బతుకుతుంది. మామూలు మొక్క మునిగితే పైకి రావాలని గబగబా సాగి, ఉన్న బలమంతా ఖర్చుపెట్టుకుని చస్తుంది. ఇది సాగకుండా బలం దాచుకుని, నీరు తీశాక చిగురిస్తుంది. అయితే విత్తనం పంటను కాపాడుతుందే గానీ మీథేన్‌ను ఆపదు.

దాళ్వాలో, అంటే రబీలో, కథ వేరు. వానలు తక్కువ, నీరు కాలువ నుంచే వస్తుంది. గోదావరిలో ప్రవాహం తగ్గిన ఏళ్ళలో సీలేరు నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూస్తూ కాలువలకు వంతులవారీగా నీరిస్తారు. వంతులంటే రైతుకు భయం, తన వంతు వచ్చేలోపు చేను నెర్రెలిస్తుందేమోనని. ఆ భయం న్యాయమైనదే. కానీ అదే వంతును కొరత ఏడాది కోసం ఆగకుండా ముందే తేదీలు ప్రకటించి, మాట తప్పకుండా, పొట్ట దశలో తప్పనిసరిగా నీరిస్తూ నడిపితే ఆరుతడి సేద్యానికి కావలసిన ఏర్పాటు మన చేతిలో ఉన్నట్టే. రైతు నీరు నిలవబెట్టేది బద్ధకంతో కాదు, రేపు రాదేమోనన్న అనుమానంతో. వియత్నాం 2023లో మెకాంగ్ డెల్టాలో పది లక్షల హెక్టార్ల తక్కువ ఉద్గారాల వరి కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడా నేల ఇలాంటిదే.

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో వంద దేశాలకు పైగా మీథేన్‌ను 2030కల్లా 30 శాతం తగ్గిస్తామని ఒప్పుకున్నాయి, భారత్ చేరలేదు. చిన్న రైతు బతుకు మీద భారం పడుతుందన్న ఆందోళన కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే భారం మొదట రైతు మీద కాకుండా కాలువను, డ్రెయిన్‌ను నడిపే వ్యవస్థ మీద పడాలంటున్నాను.

పట్టణం వంతు

2022 మార్చిలో ముంబై తన వాతావరణ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. అక్కడి ఉద్గారాల్లో పెద్ద వాటా భవనాలు వాడే కరెంటుది. 2011 లెక్కల్లో 53 వేల పైచిలుకు జనాభా ఉన్న అమలాపురం ఆ ప్రణాళికను నకలు తీసుకుంటే ప్రయోజనం లేదు. రాజోలు, కొత్తపేటలైతే పట్టణాల్లా బతుకుతూ పంచాయతీలుగానే ఉన్నాయి. ఇలాంటి ఊళ్ళలో చూడాల్సింది మురుగు, చెత్త, పల్లం.

సెప్టిక్ ట్యాంకు పొంగి మురుగు డ్రెయిన్లో కలిస్తే సూక్ష్మజీవులకు విందు. నీటిలోని ఆక్సిజన్ ఇంకా త్వరగా అయిపోతుంది, మీథేన్ పెరుగుతుంది. అదే మురుగు గుర్రపు డెక్కకు ఎరువు. డెక్క అల్లుకుంటే నీరు ఆగుతుంది, డెక్క చచ్చి అడుగుకు దిగితే మళ్ళీ మీథేన్. చెత్తగుట్ట అడుగునా ఇదే జరుగుతుంది, గాలి ఆడని తడి చెత్త అక్కడ ఏళ్ళ తరబడి కుళ్ళుతుంది. తడి చెత్తను వేరుచేసి తిరగేస్తూ కంపోస్టు చేస్తే గాలి తగిలి మీథేన్ పుట్టదు. లేదా మూసిన ట్యాంకులో కావాలనే మీథేన్ పుట్టించి పొయ్యిలో మండించవచ్చు. మండితే అది కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, 28 రెట్ల హాని మూడు రెట్ల లోపుకు దిగుతుంది.

పల్లం సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఎకరం పల్లంలో అడుగు లోతు నీరు నిలిస్తే అది 12 లక్షల లీటర్లు. ఆ ఎకరాన్ని గ్రావెల్‌తో మెరక చేసి లేఅవుట్ వేస్తే ఆ 12 లక్షల లీటర్లు పక్క వీధిలోకి పోతాయి. ఆ పక్క వీధివాళ్ళు తమ ఇల్లు ఇంకో రెండడుగులు లేపుతారు, నీరు ఇంకా ముందుకు, ఎత్తు లేపలేని పేదల పేటలోకి చేరుతుంది. ఏ పల్లంలో ఎంత నీరు పడుతుందో పటం గీసి, కొన్నింటిని పూడ్చరాని నేలగా ప్రకటించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

తలుపు, డెక్క, మడ

ముఖద్వారం దగ్గర కావాల్సింది తనంతట తాను మూసుకునే తలుపు. పైఅంచుకు మడతబందు వేసి సముద్రం వైపు వేలాడదీస్తారు. బయటి నీరు ఎత్తయితే దాన్ని నొక్కి మూస్తుంది, లోపలి నీరు ఎత్తయితే తోసి తెరుస్తుంది. కరెంటు అక్కర్లేదు. కేరళలోని కుట్టనాడులో సముద్ర మట్టానికి దిగువనున్న చేల నుంచి మోటార్లతో నీరు తోడాల్సిందే. కోనసీమలో చాలా చోట్ల వాలు ఇంకా మిగిలే ఉంది, దాన్ని వాడుకుంటే తోడే ఖర్చూ ఆ కరెంటు పొగా ఉండవు. ముఖద్వారాల పక్కన మడ అడవుల్ని బతకనిస్తే వాటి వేళ్ళు ఒండ్రును పట్టి నేలను కాస్త లేపుతాయి, బురదలో కార్బన్‌ను దాచుకుంటాయి. కోరంగి నుంచి కాట్రేనికోన దాకా ఉన్న మడ ఆ పని చేస్తూనే ఉంది.

అయితే ఉప్పుగాలికి ఇనుప తలుపు తుప్పు పడుతుంది. తలుపు సందులో ఒక్క డెక్క గుత్తి ఇరుక్కుంటే మూసుకోదు, రాత్రి పోటుకు ఉప్పు లోపలికొస్తుంది. గుర్రపు డెక్క మురుగు దొరికిన నీటిలో రెండు వారాలకోసారి రెట్టింపవుతుంది. డ్రెయిన్లో పదో వంతు మిగిల్చి వెళ్ళిపోతే రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ నిండిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఒక్కసారి యంత్రం దించి తీస్తే అది సార్వా నాట్ల దాకా కూడా ఆగదు. కాబట్టి డ్రెయిన్‌కు కావాల్సింది ఏడాది పొడవునా జీతమిచ్చే మనుషులు, ప్రతి తలుపుకూ పేరుపెట్టి బాధ్యత అప్పగించిన ఒక లస్కరు, పోటు వేళల పట్టిక, తీసిన డెక్కను గట్టు మీదే వదలకుండా కంపోస్టు గుంతకు చేర్చే బండి. కొత్త నిర్మాణాలకు నిధులు అప్పుడప్పుడూ వస్తాయి. ఈ రోజువారీ పద్దుకు మాత్రం మున్సిపాలిటీ, పంచాయతీ, డ్రెయినేజీ శాఖ ముగ్గురూ కలిసి కూర్చుని, ఎవరి వాటా ఎంతో ఏప్రిల్‌లోపు రాసుకోవాలి.